రెండు బద్దల కోలాగింజ

పోయిన వారం మనం పెళ్ళికూతురి మామ్మ అషాబి వాకిట్లో ఆగిపోయాం. పెళ్ళికొడుకు బోలాజి తరఫువాళ్ళు పిల్లను చూసుకుని, మాటలు కలుపుకుని, కడుపునిండా ఒఫాడా అన్నం తిని చేతులు కడుక్కుంటున్నారు. పల్లె నుంచి పట్టుకొచ్చిన చూపు ఆనని మేనత్త ఒకావిడ గోడవారగా కూర్చుని, "దురోసిన్మీ, ఎక్కడున్నావే, గొంతెండిపోతోంది, కాసిని మంచినీళ్ళియ్యి" అంది. ఆ పేరుగల మనిషి అక్కడెవరూ లేరనే అందరూ అనుకున్నారు. కాని గ్లాసు పట్టుకుని లేచింది బోలాజి తల్లి.

మిగతావాళ్ళకు అదొక పిలుపు మాత్రమే. అబెయోకుట ఊళ్ళో ఆడదానికి బిడ్డ పుట్టిందంటే సొంత పేరు అటకెక్కినట్టే. బోలాజి పుట్టిన దగ్గర్నుంచి ఆమె బోలాజి అమ్మ. కూరలవాళ్ళకూ అంతే, చర్చిలో పాస్టరుకూ అంతే. అసలు పేరు అడిగినవాడు లేడు, చెప్పాల్సిన అవసరం ఆమెకూ రాలేదు. అషాబికి మాత్రం ఆ పేరు చెవిలో పడగానే చేతిలో పళ్ళెం బరువెక్కింది.

దురోసిన్మి అంటే, నన్ను పూడ్చేదాకా ఉండిపో అని. కడుపు చల్లగా ఉన్న తల్లి ఆ పేరు పెట్టదు. పుట్టిన బిడ్డ పుట్టినట్టే పోతుంటే, పోయినదే మళ్ళీ మళ్ళీ వచ్చి ఏడిపిస్తోందని నమ్మి, ఈసారైనా ఉండవే తల్లీ అని కాళ్ళు పట్టుకుని బతిమాలే పేరు అది. అలాంటి పిల్లల్ని అబికు అంటారు. చావడానికే పుట్టేవాళ్ళు అని. వాళ్ళ చెవికి గాటు పెడతారు, అందం చెడితే అవతలి లోకంలో తోటిపిల్లలు మళ్ళీ రమ్మని పిలవరని.

ఆ రోజు నీళ్ళిస్తూ వంగినప్పుడు ఆమె తలగుడ్డ జరిగింది. ఎడమ చెవి అంచున పాత గాటు. అషాబి చూసింది.

ఇందులో అంత గుండె జారిపోయే సంగతేముందంటే, అది తెలియాలంటే రోంకె సంగతి తెలియాలి.

రోంకె అషాబికి పెద్ద మనవరాలు, ఇప్పుడు పెళ్ళికూతురైన మొరాయోకు అక్క. వానాకాలం వచ్చిందంటే చాలు, ఆ పిల్లకు మోకాళ్ళలో మోచేతుల్లో నొప్పులు పుట్టేవి. గొడ్డలితో నరుకుతున్నారు మామ్మా అనేది. కళ్ళు పసుపురంగు తిరిగేవి. ఆస్పత్రిలో ఒక నర్సమ్మ అషాబి నడుంగుడ్డ ముడిలోని, తాంబూలంలా నమిలే కోలాగింజ అడిగి తీసుకుని, రెండు బద్దలూ విడదీసి చూపించింది.

"మనిషి రక్తం ఇలాంటిదేనమ్మా. రెండు బద్దల గింజ. ఒక బద్ద తల్లిస్తుంది, ఒకటి తండ్రిస్తాడు. మంచి బద్దకు ఏ అని పేరు, వంకర బద్దకు ఎస్ అని పేరు. నీ కొడుకుది ఏ-ఎస్, కోడలిదీ ఏ-ఎస్. చెరొక మంచిదుంది కాబట్టి వాళ్ళకేం కాలేదు. ఈ పిల్లకు మాత్రం అటునుంచీ వంకరదే వచ్చింది, ఇటునుంచీ వంకరదే వచ్చింది. ఎస్-ఎస్. రక్తం కొడవలిలా వంగిపోయి సన్నటి దారుల్లో ఇరుక్కుంటుంది. ఆ నొప్పే ఇది."

"ఎంతమందిలో ఇలా అవుతుంది?" అని అడిగింది అషాబి.

"అలాంటి ఇద్దరికి పుడితే నలుగురిలో ఒకరికి అని లెక్క."

ఆ మాట ఇంట్లోవాళ్ళు తమకు తోచినట్టు మోసుకెళ్ళారు. నలుగురిలో ఒకరి వంతు రోంకె మీద పడిపోయింది, ఇక వచ్చేవాళ్ళకు భయం లేదనుకున్నారు. తరవాత పుట్టిన మగపిల్లాడు పాకడం నేర్వకముందే అదే జబ్బుతో పోయాడు. అప్పుడు మళ్ళీ నర్సమ్మ దగ్గరికి వెళ్ళి గట్టిగానే అడిగింది అషాబి, మా వంతు అయిపోయిందిగా అని.

నర్సమ్మ విసుక్కోలేదు. "నాలుగు బద్దల కోలా నేలమీద విసిరి శకునం చూస్తారుగా, పెద్దమ్మా. నిన్న ఎలా పడ్డాయో ఇవాళ్టి బద్దలకు గుర్తుంటుందా? విసిరినప్పుడల్లా కొత్తే."

"అంత చెడ్డదైతే ఈ వంకర బద్ద మన ఒళ్ళల్లో ఎందుకు మిగిలింది? ఏనాడో కొట్టుకుపోవాలిగా?"

"దోమల వల్ల మిగిలింది. పూర్వం రెండూ మంచి బద్దలున్న పిల్లలు దోమజ్వరానికి ఎక్కువగా రాలిపోయారు. రెండూ వంకరవున్నవాళ్ళు ఈ నొప్పులకు రాలిపోయారు. ఒకటి మంచిది, ఒకటి వంకరది ఉన్నవాళ్ళను జ్వరం కాస్త ఒదిలిపెట్టింది. వాళ్ళు పెరిగారు, పిల్లల్ని కన్నారు. ఆ మిగిలినవాళ్ళ మనవలమే మనం. శాపం కాదు పెద్దమ్మా. ఏరు దాటినందుకు కట్టే పడవకూలి. ఎవరో దాటారు, ఎవరో కడుతున్నారు."

రోంకె పెద్దమనిషి కాకుండానే పోయింది. అప్పట్నుంచీ అషాబి నమ్మింది ఒకటే. మొరాయోది ఏ-ఎస్, కాబట్టి దాన్ని చేసుకునేవాడు రెండూ మంచి బద్దలవాడై ఉండాలి. ఇంకో బిడ్డను ఆ ఇంట్లోంచి మోసుకెళ్ళే ఓపిక ఆమెకు లేదు. బోలాజి మొదటిసారి వచ్చి సాష్టాంగపడి లేవకముందే అడిగింది, నీ రక్తమేమిటి నాయనా అని. ఏ-ఏ మామ్మగారూ అన్నాడు. హైస్కూల్లో బయాలజీ చెప్పే కుర్రాడు, తెలియక చెప్పే రకం కాదు. సరేనంది. చుట్టాలంతా పెళ్ళిలో ఒకే రకం కట్టుకోవాలని బట్ట కొనిపించి, తన చేత్తోనే కర్రపెండలం గంజితో ముగ్గులు దిద్ది, నీలిమందు కుండల్లో ముంచింది.

ఇప్పుడు ఆ బట్టలు దండేల మీద ఆరుతుంటే ఈ పేరొకటి వచ్చి పడింది. అబికు అని చెవికి గాటు పెట్టిన పిల్లల్లో చాలామంది ఈ ఎస్-ఎస్ పిల్లలేనని నర్సమ్మ అప్పట్లోనే చెప్పింది. తల్లి ఎస్-ఎస్ అయితే ఆమె దగ్గరున్న రెండు బద్దలూ వంకరవే. ఏది తీసి ఇచ్చినా వంకరదే ఇస్తుంది. కొడుకు ఏ-ఏ ఎలా అవుతాడు? పరీక్ష తప్పయినా అయి ఉండాలి, కుర్రాడైనా అబద్ధమాడి ఉండాలి. ఏదైనా సరే, మొరాయో కూడా తన తల్లి దిగిన రేవులోనే దిగబోతున్నట్టే.

అందుకని వాన వెలిసిన పొద్దున, మనవరాలు బళ్ళో పాఠాలు చెప్పడానికి వెళ్ళగానే, రెండు బద్దల కోలాగింజలు గుడ్డలో మూటకట్టుకుని బోలాజి అమ్మ ఇంటికి బయల్దేరింది అషాబి.

బోలాజి అమ్మకు వీధిగదిలో కుట్టుసామాన్ల కొట్టుంది. దారాలు, బొత్తాలు, జిప్పులు. ఆమె బల్ల వెనకాల స్వెటరు తొడుక్కుని, కాళ్ళకు మేజోళ్ళు వేసుకుని కూర్చునుంది. పక్కన వేడినీళ్ళ ఫ్లాస్కు, దాని పక్కన మంచినీళ్ళ సీసా. అషాబి ఇదివరకు రెండు మూడుసార్లు వచ్చినప్పుడూ ఇవి ఇక్కడే ఉన్నాయి. అప్పుడు చూసింది గాని చూడలేదు.

"అయ్యో పెద్దమ్మా, ఈ బురదలో మీరెందుకొచ్చారు, కబురంపితే నేనే వద్దును" అంటూ ఆమె మోకాలు వంచి దణ్ణం పెట్టబోయింది. సగంలో ఆగి బల్ల పట్టుకుంది.

"వంగకు, వంగకు. నీ మోకాళ్ళ సంగతి నాకు తెలుసు."

"ఆ ఏముంది, కీళ్ళవాతం. ఏమిటి విశేషం? పెళ్ళిసారెలో పెండలం దుంపలు సన్నగా ఉన్నాయని మీ ఆడపడుచులు సణిగారట. లావువి పంపిస్తాను లెండి. నా మీద అంత కోపమైతే దుంపతో కొట్టండి."

"దుంపల మాట కాదు. కోలా తెచ్చాను."

"కోలా తెచ్చిన చెయ్యి చావును నెట్టేస్తుందంటారు. కూర్చోండి."

అషాబి కూర్చుంది. గింజను పళ్ళెంలో పెట్టింది గాని విరవలేదు.

"నీ పేరేమిటమ్మా?"

బోలాజి అమ్మ నవ్వింది. "ఇదేం ప్రశ్న? ఊరంతా బోలాజి అమ్మ అంటుంది."

"నువ్వు పుట్టినప్పుడు బోలాజి లేడుగా."

నవ్వు అలాగే ఉంది గాని కళ్ళు తలుపు వైపు వెళ్ళాయి. "ఆ ముసలిదాని మాట పట్టుకొచ్చారా? దానికి మేకకూ మనిషికీ తేడా తెలియదు. నిన్న నన్ను వాళ్ళ తమ్ముడనుకుంది."

"మేకను పిలిచినా మేకే పలుకుతుంది. నువ్వు గ్లాసు పట్టుకుని లేచావు."

బోలాజి అమ్మ బొత్తాల డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టింది.

"ఇదిగో పిల్లా, నేను దెబ్బలాటకు రాలేదు" అంది అషాబి. "మా ఇంట్లో ఒకదాన్ని పూడ్చాను. దాని కళ్ళు నీ కళ్ళలాగే పసుపుపచ్చగా ఉండేవి. వానొస్తే అది నీలాగే మేజోళ్ళు తొడుక్కునేది, నీలాగే సీసాతో నీళ్ళు తాగేది. నీ చెవి గాటు చూశాను. నువ్వు ఉండిపోయావు, చాలా సంతోషం, నిన్ను కన్నతల్లి మొక్కులు ఫలించాయి. కాని నీ కొడుకు దగ్గర నీ వంకర బద్ద లేకుండా ఎలా ఉంటుంది? చెప్పు. వాడు ఏ-ఏ అన్నాడు. నేను నమ్మాను. పెళ్ళి ఆపమంటావా, ఊళ్ళో నోరు చేసుకోమంటావా?"

"వాడు అబద్ధమాడలేదు."

"అయితే పరీక్ష తప్పు. మళ్ళీ చేయిద్దాం."

"చేయించండి. ఎక్కడ చేయించినా అదే వస్తుంది. పెళ్ళికి ముందు చర్చిలో మళ్ళీ పరీక్ష కాగితం కావాలంటే ఇంకో చోట చేయించాడు. అక్కడా ఏ-ఏ నే."

"విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా, అమ్మాయీ?"

బోలాజి అమ్మ లేచి వీధి తలుపు దగ్గరగా వేసి వచ్చింది. వచ్చి కూర్చోవడానికి చాలాసేపు పట్టింది. కూర్చున్నాక మామూలు గొంతుతోనే, దారం ధర చెప్పినట్టుగా చెప్పింది.

"విత్తు నాది కాదు పెద్దమ్మా. నీళ్ళు పోసింది నేను."

అషాబికి ముందు వచ్చింది జాలి కాదు. అమ్మయ్య అనిపించింది. బోలాజి నిజంగానే ఏ-ఏ. మొరాయో కడుపున పుట్టేవాళ్ళకు రెండు వంకర బద్దలు కలిసే దారే లేదు. దండేల మీది బట్టలు దండేల మీదే ఉంటాయి. ఆ తరవాత గాని ఎదురుగా కూర్చున్న మనిషి కనిపించలేదు ఆమెకు, కనిపించేసరికి సిగ్గేసింది.

"నాకు కడుపు నిలవలేదు" అంది దురోసిన్మి. "ఈ ఒంట్లో నేను నిలవడమే ఎక్కువ. వీణ్ణి పొత్తిళ్ళలో తెచ్చుకున్నాను. ఎవరి బిడ్డ అని మీరు అడగొద్దు, నేను చెప్పను. మా ఆయనకు తెలుసు, ఆయన పోయాడు. ఊరు మారి ఇక్కడికొచ్చాం. ఇక్కడ దిగిన రోజునుంచి నేను బోలాజి అమ్మనే."

"పిల్లాడికి చెప్పలేదూ?"

"ఏమని చెప్పను? వాడు బళ్ళో చెప్పే పాఠమే ఇది. నల్లబల్ల మీద నాలుగు గడులు గీసి, పైన తల్లివి, పక్కన తండ్రివి రాసి, పిల్లలు ఏ గడిలో పడతారో చూపిస్తాడు. ఇంట్లో కూడా పిండి జల్లిన పీట మీద గీసి చూపించేవాడు నాకు. చూశావా అమ్మా, ఎంత తేలికో అని. నాది ఎస్-ఎస్ అన్న ఒక్క మాట వాడి చెవిన పడితే చాలు, మిగతాది వాడే లెక్క కట్టుకుంటాడు. అందుకే నొప్పులొస్తే దుకాణం సరుకని చెప్పి ఇబాదాన్ వెళ్ళి వైద్యం చేయించుకొస్తాను. వాడికి నాది కీళ్ళవాతం."

"ఇన్నాళ్ళూనా?"

"కన్నతల్లికి ఒక్క రోజు నొప్పి. నాది రోజూ ఉంది. ఫరవాలేదు, అలవాటైంది."

అషాబి చెయ్యి చాపి మంచినీళ్ళ సీసా ఆమె వైపు జరిపింది.

"మీ మనవరాలికి భయం లేదు" అంది దురోసిన్మి మళ్ళీ. "మీకు కావలసింది మీకు దొరికింది. ఇక నాకు కావలసింది ఇవ్వండి. వాడికి తెలియకూడదు. నేను పోయేదాకా. నన్ను పూడ్చేది వాడే. తల్లిని పూడ్చినట్టు పూడ్చాలి."

అషాబి పళ్ళెంలోని గింజ తీసి విరిచింది. ఒక బద్ద ఆమెకిచ్చింది, ఒకటి తన నోట్లో వేసుకుంది. కోలా నమిలి ఇచ్చిన మాట తప్పితే ఆ నోటికి తిండి సయించదంటారు. ఇద్దరూ చేదు మింగుతూ నమిలారు. దురోసిన్మి నవ్వి, "పెండలం దుంపలు మాత్రం లావువే పంపిస్తాను" అంది.

మాట పూర్తవుతుండగా వాన మళ్ళీ మొదలైంది. కిటికీ మూయడానికి లేచింది ఆమె. రెండడుగులు వేసి, ఎవరో వెనకనుంచి నడుం మీద కొట్టినట్టు ఆగింది. చేయి గాల్లోనే ఉండిపోయింది. తరవాత మెల్లగా, బొత్తాల డబ్బాను వెంట లాక్కుంటూ నేలమీదికి జారింది.

అషాబి ఫోను చేస్తే బోలాజి తోటి మాస్టారి కారు అడిగి తీసుకుని వచ్చాడు, పక్కన మొరాయో ఉంది. అదే బళ్ళో చిన్నపిల్లలకు అక్షరాలు నేర్పుతుంది ఆ పిల్ల. వెనక సీట్లో అత్తగారి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆస్పత్రి వచ్చేలోపల ఎప్పుడో, "మామ్మా, రోంకె అక్క కూడా ఇలాగే పళ్ళు కరుచుకునేది" అంది చిన్నగా. అషాబి కిటికీలోంచి బయటికి చూసింది.

డాక్టరు చిన్నవాడు, చురుకైనవాడు. కనురెప్ప లాగి చూశాడు, పొట్ట నొక్కి చూశాడు, ఛాతీకి గొట్టం పెట్టి విన్నాడు. దురోసిన్మికి మాట రావడం లేదు. వచ్చినా చెప్పేది కాదు. వేళ్ళు మాత్రం మొరాయో చేతిని పట్టుకుని ఉన్నాయి.

"ఈమె రక్తమేది? ఏ-ఏ నా, ఏ-ఎస్సా, ఎస్-ఎస్సా?"

"ఎప్పుడూ చూపించుకోలేదండి. కీళ్ళవాతం అంటుంది" అన్నాడు బోలాజి.

"కళ్ళు పచ్చగా ఉన్నాయి. ఒంట్లో నీళ్ళు లేవు. నాకైతే ఎస్-ఎస్ నొప్పిలాగే ఉంది."

"అది అవదు డాక్టరుగారూ." బోలాజి వాదనకు దిగినట్టు కాదు, సాయం చేస్తున్నట్టే చెప్పాడు. "నేను ఆమె ఒక్కగానొక్క కొడుకుని. నాది ఏ-ఏ, రెండు చోట్ల చూపించాను. ఎస్-ఎస్ తల్లికి ఏ-ఏ కొడుకు పుట్టడు కదా. నేను ఈ పాఠమే చెబుతాను."

డాక్టరు తలపంకించాడు. "నిజమే. అయితే అది కాదు. రక్తం పంపిస్తాను గాని, కరెంటు లేదు, సాయంత్రానికి గాని తేలదు. ఈలోపు వాతజ్వరం అనుకుని ఆ మందులే మొదలుపెడదాం." నర్సు వైపు తిరిగాడు. "ఆ మూడో మంచం. వాతజ్వరమైతే గుండె మీద నీళ్ళ బరువు పడకూడదు, సెలైను అప్పుడే వద్దు, ఆక్సిజనూ అక్కర్లేదు."

నర్సు మంచం తోసుకుపోతోంది. మొరాయో బోలాజిని చూస్తోంది, తరవాత మామ్మను చూసింది. ఆ పిల్ల మొహంలో, నువ్వు కూడా చూశావుగా మామ్మా, నువ్వెందుకు మాట్లాడవు అన్నట్టుంది. అషాబి నాలుక మీద కోలా చేదు ఇంకా పోలేదు. రోంకెకు ఆఖరిసారి నొప్పి వచ్చినప్పుడు కూడా ముందు మలేరియా అన్నారు. మలేరియా మందు ఇస్తూ పొద్దంతా గడిపారు.

"బాబూ డాక్టరూ" అంది అషాబి.

ఆయన ఆగాడు.

"ఆమెది ఎస్-ఎస్. పుట్టినప్పట్నుంచీ. పొద్దున నాతోనే చెప్పింది. ఇబాదాన్‌లో వైద్యం చేయించుకుంటోంది. మీరు మొదట అనుకున్నదే నిజం. ఆ నీళ్ళేవో ఎక్కించండి."

డాక్టరు ఎవరి మొహమూ చూడలేదు. "సెలైను పెట్టండి, ఆక్సిజన్ తెండి" అంటూ మంచం వెంట నడిచాడు. మొరాయో చెయ్యి వదలకుండా అటే వెళ్ళింది.

నడవాలో బల్ల మీద బోలాజి కూర్చుండిపోయాడు. వానకు తడిసిన వేలితో బల్ల చెక్క మీద ఒక నిలువు గీత, ఒక అడ్డగీత గీశాడు. నాలుగు గడులు. పైన తల్లివి రాశాడు, ఎస్, ఎస్. పక్కన తండ్రివి, అతనికి వీలైనంత మంచివి, ఏ, ఏ. ఒక్కో గడి నింపుతూ వచ్చాడు. ఏ-ఎస్. ఏ-ఎస్. ఏ-ఎస్. నాలుగోది రాసేసరికి మొదటిది ఆరిపోతోంది.

మళ్ళీ దాని మీదే తడి వేలితో దిద్దాడు. నాలుగు గడులూ మళ్ళీ చూసుకున్నాడు.

"మామ్మగారూ" అన్నాడు. "ఇందులో నేను లేను."